పాఠకుల ప్రశ్నలు: హెల్ప్ ఫైళ్లకు ఏ వెబ్ ఫార్మాట్?

ప్రశ్న: మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో నడుస్తుంది. హెల్ప్ ఇంతకాలం సీహెచ్ఎం ఫైలుగా ఇస్తున్నాం. ఇకపై తెలుగులోనూ ఇవ్వాలి. కొన్ని దుకాణాల్లో నెట్ ఉండదు. మా ఆథరింగ్ టూల్‌లో (హెల్ప్ రాసి తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) వెబ్‌హెల్ప్, హెచ్‌టీఎంఎల్5 రెండూ కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?
– టెక్నికల్ రైటర్, విజయవాడ

జవాబు: సీహెచ్ఎం సంగతి ముందు తేల్చేద్దాం. హెల్ప్ పేజీలన్నిటినీ ఒకే ఫైలుగా కట్టే, 1997 నాటి ఈ మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌లో పేజీలను యూనికోడ్‌లో రాసుకోవచ్చు. ఎడమ పక్కనుండే విషయసూచిక, ఇండెక్స్ మాత్రం విండోస్ పాత కోడ్ పేజీలనే (లిపుల అక్షర పట్టికలనే) నమ్ముకుని ఉంటాయి. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేదు. అందుకే పేజీలో అక్షరాలు చక్కగా కనిపిస్తున్నా విషయసూచికలో ప్రశ్నార్థకాలు వరస కడతాయి. పైగా నెట్ నుంచి దించుకున్న సీహెచ్ఎం తెరిస్తే కుడిపక్క ఖాళీగా కనబడుతుంది, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ చేయాలి. 2005 నాటి భద్రతా సవరణ తర్వాత ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టిన సీహెచ్ఎం కూడా మామూలుగా పనిచేయదు. తెలుగు హెల్ప్‌కు దాన్ని వదిలేయండి.

వెబ్‌హెల్ప్ పేరుతో పాత టూల్స్ ఇచ్చేది ఫ్రేమ్‌సెట్ పేజీలను. పైన ఒక ఫ్రేము, ఎడమన విషయసూచిక, కుడిన పాఠం. లోపల ఎన్ని పేజీలు మారినా అడ్రస్ బార్‌లో అదే అడ్రసు. మీ సపోర్టు మనిషి ఆ లింకు వాట్సాప్‌లో పంపితే అవతలివారికి మొదటి పేజీ తెరుచుకుంటుంది. గూగుల్ నుంచి వచ్చినవారికేమో విషయసూచిక లేని ఒంటి పేజీ దొరుకుతుంది. ఫోన్ తెరకు ఇది ఒదగదు. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం ఫ్రేమ్‌సెట్‌ను కాలం చెల్లినదిగానే లెక్కవేసింది. కాబట్టి ఫ్రేములు లేని హెచ్‌టీఎంఎల్5 తీసుకోండి.

అయితే హెచ్‌టీఎంఎల్5 అన్న పేరు ఒక్కటే గానీ సరుకు ఒక్కటి కాదు. కొన్ని టూల్స్ ఫోల్డర్‌లోంచి డబుల్ క్లిక్ చేసినా పనిచేసే పేజీలిస్తాయి. కొన్నింటికి వెబ్ సర్వర్ లేకపోతే అడుగు పడదు. స్ఫింక్స్ అనే టూల్ తన సెర్చ్ ఇండెక్స్‌ను (వెతికే పదాల పట్టికను) జావాస్క్రిప్ట్ ఫైలుగా పెడుతుంది కనుక డిస్కు మీద నుంచి తెరిచినా సెర్చ్ కదులుతుంది. ఎంకేడాక్స్ అనే టూల్‌లో సర్వర్ లేకుండా సెర్చ్ మామూలుగా నడవదు, మెటీరియల్ థీమ్‌లో ఆఫ్‌లైన్ ప్లగిన్ చేర్చాలి. డాక్యుసారస్ అనే టూల్ మొదటి నుంచీ సర్వర్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టినదే. డీటా ఓపెన్ టూల్‌కిట్ ఇచ్చే మామూలు హెచ్‌టీఎంఎల్5లో సెర్చ్ అసలు ఉండదు.

మీరు చూడాల్సింది థీమ్ అందం కాదు, పేజీ ఎక్కడి నుంచి తెరుచుకుంటుందన్నది. డబ్బు కట్టేముందే ట్రయల్ కాపీతో పది పేజీలు తయారుచేయండి. దాన్ని వేరే కంప్యూటర్‌లోకి మార్చి, నెట్ తీసేసి, మొదటి పేజీ డబుల్ క్లిక్ చేయండి. సెర్చ్, బొమ్మలు, అక్షరాల ఫాంటు మూడూ చూడండి. ఫాంటు ఆన్‌లైన్ నుంచి తెచ్చుకునే థీమ్ అయితే ఇక్కడే బయటపడుతుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు ఫైలును హెల్ప్ ఫోల్డర్‌లోనే పెట్టేయండి. అన్నీ సరిగ్గా ఉంటే ఒకే మూలం నుంచి రెండు బిల్డులు (తయారైన కాపీలు) తీయొచ్చు: ఒకటి మీ సైటుకు, ఒకటి ఇన్‌స్టాలర్‌లోకి. పీడీఎఫ్ ప్రింటు కోరేవారికి అదనంగా ఇవ్వండి, అంతే.

ఎఫ్1 మీటతో ఆయా తెరకు సంబంధించిన పేజీ తెరిపించేటప్పుడు ఒక చిక్కుంది. చాలా టూల్స్ పేజీ గుర్తింపును అడ్రసు చివర హ్యాష్ గుర్తు తర్వాత పెడతాయి. స్థానిక ఫైలు అడ్రసును షెల్‌ఎగ్జిక్యూట్ అనే విండోస్ ఫంక్షన్‌తో తెరిస్తే విండోస్ ఆ హ్యాష్ భాగాన్ని రాల్చేస్తుంది. ఏ తెరలో ఎఫ్1 నొక్కినా మొదటి పేజీయే వస్తుంది, ప్రోగ్రామర్ హెల్ప్ ఫైలును తప్పుబడతాడు. ప్రతి గుర్తింపు సంఖ్యకు ఒక చిన్న మళ్లింపు పేజీ తయారుచేసి ప్రోగ్రాము దాన్ని తెరిచేలా పెట్టండి. పేజీల పేర్లు తర్వాత మార్చుకున్నా ప్రోగ్రాము జోలికి వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: సైటులో పెడితే సెర్చ్ పనిచేస్తోంది, అదే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పనిచేయడం లేదు. బ్రౌజర్ పాడైందా?
– ప్రోగ్రామర్, వరంగల్

జవాబు: బ్రౌజర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. డిస్కు మీద తెరిచిన ప్రతి ఫైలునూ క్రోమ్ వేర్వేరు మూలంగా చూస్తుంది. ఒక పేజీ స్క్రిప్టు పక్కనున్న జేసాన్ ఫైలును (సెర్చ్ ఇండెక్స్ ఉండే డేటా ఫైలును) చదవబోతే అడ్డుకుంటుంది. లేకపోతే దించుకున్న ఏ పేజీ అయినా మీ డిస్కులోని ఫైళ్లు చదివేయగలదు. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూడండి, కార్స్ (వేరే మూలం ఫైళ్లు చదవడంపై బ్రౌజర్ నియమం) అన్న ఎర్ర సందేశం కనిపిస్తుంది.

ఇండెక్స్‌ను జేసాన్‌గా కాక, ఒక చరరాశికి విలువ ఇచ్చే జావాస్క్రిప్ట్ ఫైలుగా మార్చి స్క్రిప్ట్ ట్యాగుతో పిలిస్తే అడ్డు తొలగుతుంది. హెల్ప్‌ను మీ ప్రోగ్రాములోనే వెబ్‌వ్యూ2తో (ప్రోగ్రాము లోపల వెబ్ పేజీలు చూపే మైక్రోసాఫ్ట్ భాగంతో) చూపిస్తుంటే ఫోల్డర్‌కు ఒక ఊహా హోస్ట్ పేరు తగిలించే సదుపాయం అందులో ఉంది, అప్పుడు ఫైళ్లన్నీ ఒకే సైటువిగా కనిపించి అడ్డు ఉండదు. ఆండ్రాయిడ్‌లో వెబ్‌వ్యూ అసెట్ లోడర్ ఇదే పని చేస్తుంది. బ్రౌజర్ భద్రతను సడలించే స్విచ్ పెట్టుకోమని మాత్రం వినియోగదారులకు చెప్పకండి.

ప్రశ్న: ఇంగ్లిష్ పదాలు వెతికితే దొరుకుతున్నాయి, తెలుగు పదాలకు ఫలితాలు సున్నా. ఎందుకు?
– డాక్యుమెంటేషన్ విభాగం, హైదరాబాద్

జవాబు: సెర్చ్ స్క్రిప్టు తెలుగు మాటను మాటగా గుర్తించడం లేదు. జావాస్క్రిప్ట్‌లో ఏది పదంలోని అక్షరమో తేల్చే ‘పదాక్షరం’ (\w) అనే సంక్షిప్త నమూనాకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే తెలుసు. లూనర్ అనే సెర్చ్ లైబ్రరీలోని ట్రిమ్మర్ ఈ నమూనాతోనే పదాల చివర్లు కత్తిరిస్తుంది, దాంతో తెలుగు పదం మొత్తం మాయమవుతుంది. తెలుగు సైట్లలో ఆ ట్రిమ్మర్‌ను తీసేయండి.

కొన్ని స్క్రిప్టులు కాస్త మెరుగు, యూనికోడ్ అక్షరాలను గుర్తిస్తాయి. కానీ మన గుణింతపు గుర్తులు యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. మార్కులను కలపని నమూనా ‘రసీదు’ను ‘రస’, ‘ద’ అని రెండు ముక్కలు చేస్తుంది. ఇక దొరికేదేమిటి? నమూనాలో అక్షరాల వర్గంతోపాటు మార్కుల వర్గాన్నీ చేర్చించండి.

ఇవి సరిచేశాక కూడా ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు మొండికేస్తాయి. ట్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటుంది. రచయిత కీబోర్డు దాన్ని పెడుతుంది, వెతికేవారి ఫోను పెట్టకపోవచ్చు. చూపుకు కొంచెమే తేడా, స్క్రిప్టుకు రెండు వేరు మాటలు. ఇండెక్స్ కట్టేటప్పుడు, వెతికే మాట తీసుకునేటప్పుడు – రెండు చోట్లా దాన్ని తీసేయాలి. ఒక్కచోట తీస్తే మరింత చెడుతుంది.

విభక్తుల విషయానికొస్తే, పదం మొదలు సరిపోతే చాలనే పద్ధతి పెట్టుకోండి. ‘బిల్లు’ అంటే ‘బిల్లుకు’, ‘బిల్లులో’ కూడా వస్తాయి. ‘మొత్తం’ అంటే మాత్రం ‘మొత్తాన్ని’ రాదు. వెతికే మాట సున్నాతో ముగిస్తే ఆ సున్నా తీసి ‘మొత్త’తో వెతకమనండి. అక్కర్లేనివి ఒకటో రెండో వచ్చినా నష్టం లేదు. చాలామంది ఇంగ్లిష్ లిపిలోనే టైపు చేస్తారు కనుక ముఖ్యమైన పేజీల కీవర్డుల్లో ఆ స్పెల్లింగులూ చేర్చండి.

ప్రశ్న: మా కంప్యూటర్‌లో అన్ని లింకులూ బాగున్నాయి, సర్వర్‌కెక్కించగానే కొన్ని 404 (పేజీ దొరకలేదు) అంటున్నాయి.
– విద్యార్థిని, కాకినాడ

జవాబు: విండోస్‌కు ఫైలు పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల పట్టింపు లేదు, లినక్స్ సర్వర్‌కు ఉంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీల బదులు హైఫన్లతో పెట్టండి. తెలుగులో పేర్లు పెట్టకండి: అడ్రసును కాపీ చేస్తే ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది ఇంగ్లిష్ గుర్తులుగా మారి లింకు చాంతాడంత అవుతుంది. పేర్లు మార్చే పని టూల్ లోపలి నుంచే చేయండి. ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో మారిస్తే తర్వాతి బిల్డులో పాత పేర్లే తిరిగొస్తాయి.