ఎయిర్ ఫ్రయర్ నిజంగా వేయిస్తుందా? నలుగురున్న ఇంటికి ఎంత సైజుది కొనాలి?

మీరు అడిగినవి మూడు సంగతులు: నూనె లేకుండా ఇది నిజంగా వేయిస్తుందా, నలుగురికి ఎన్ని లీటర్లది సరిపోతుంది, ఇది వచ్చాక ఇంట్లో ఉన్న ఓవెన్ తీసేయొచ్చా. మా ఇంట్లో మొదట చిన్నది ఉండేది, ఇప్పుడు పెద్దది ఉంది. దాదాపు రోజూ వాడతాం కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మొదటిదానికి సూటిగా చెప్పాలంటే: రంగు వస్తుంది, కరకర వస్తుంది, కానీ నూనెలో వేగిన రుచి రాదు. ఆ రుచే కావాలనుకుంటే ఇది కొని నిరాశ పడతారు. ఎందుకంటే పని చేసే తీరు చూస్తే ఇది జోరుగా తిరిగే ఫ్యాన్ ఉన్న బుల్లి ఓవెన్. మూత తీసినంత మాత్రాన కనపడదు గానీ, పైన చుట్టలు చుట్టిన హీటింగ్ కాయిల్ ఉంటుంది, దాని మీద ఫ్యాన్ ఉంటుంది, కింద సొరుగులో చిల్లుల బుట్ట ఉంటుంది. అంతకు మించి రహస్యం ఏమీ లేదు. వేడి గాలిని ఫ్యాన్‌తో తిప్పడం కూడా కొత్తేమీ కాదు, 1940ల్లోనే అమెరికాలో విమానాల్లో భోజనం వేడి చేయడానికి అలాంటి ఓవెన్ వాడారు. ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో, ఈ పేరుతో దీన్ని జనంలోకి తెచ్చింది ఫిలిప్స్, 2010లో బెర్లిన్‌లో జరిగిన ఐఎఫ్ఏ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో.

అసలు వేగడం అంటే ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బాణలిలో నూనె మామూలుగా 170 నుంచి 190 డిగ్రీల మధ్య కాగుతుంది. ద్రవం కదా, ముక్కని అన్ని వైపులా అంటుకుని వేడిని గబగబా లోపలికి పంపుతుంది. ముక్కలో పైపైన ఉన్న నీరంతా ఆవిరై బుడగలుగా బయటికి వస్తుంది, పై పొర ఎండుతుంది, నీరు పోయిన ఖాళీల్లోకి కొంచెం నూనె చేరుతుంది. వేపుడు రుచిలో సగం ఆ నూనెదే.

వేడిని అందించడంలో గాలి నూనె ముందు దేనికీ పనికిరాదు. 200 డిగ్రీల ఓవెన్‌లో చెయ్యి ఒక క్షణం పెట్టి తీయగలం, అంత వేడి నూనెలో వేలు కూడా పెట్టలేం. పైగా ముక్కలోంచి వచ్చిన తేమే దాని చుట్టూ పల్చటి పొరలా నిలబడి, బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఫ్యాన్ లేని ఓవెన్‌లో ఆ పొర నింపాదిగా అలాగే ఉండిపోతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో చోటు తక్కువ, గాలి జోరు ఎక్కువ కాబట్టి దాన్ని నిలవనివ్వదు. తడి బట్టలు గాలి వీచే చోట తొందరగా ఆరినట్టే ఇదీ. ముక్క పైభాగంలో తడి ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆరిన తర్వాతే పైకి వెళ్తుంది. 140 దాటాక మెయిలార్డ్ చర్య ఊపందుకుంటుంది, అంటే అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి ఆ గోధుమ రంగునీ, నోరూరించే వాసననీ ఇస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరే దానికి పెట్టారు.

అందుకే నా దృష్టిలో ఎయిర్ ఫ్రయర్‌లో వంటంటే ముక్క పైభాగాన్ని ఎంత తొందరగా ఆరబెట్టగలం అన్నదే. కొనేటప్పుడు చూడాల్సినవీ, వాడేటప్పుడు పాటించాల్సినవీ అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

బంగాళాదుంపలనే తీసుకోండి. వేలంత మందాన కోసి అరగంట చల్లటి నీళ్లలో వేస్తాను, పైనున్న పిండి పదార్థం పోతుంది. తర్వాత బట్ట మీద పరిచి తడి లేకుండా తుడవడం ముఖ్యం. ఈ పనికి బద్ధకిస్తే మిగతా శ్రమంతా వృథా. చెంచాడు నూనె వేసి చేత్తో కలిపి, ముందే వేడెక్కిన బుట్టలో వేసి 180 దగ్గర పెడతాను. ఉప్పు మాత్రం దించాకే, ముందు వేస్తే నీరు ఊరుతుంది. మొదట్లో మిషన్ వెనక వచ్చే గాలి తడితడిగా ఉంటుంది, దుంప ఉడుకుతున్న వాసన వస్తుంది. సొరుగు లాగి ఊపితే ముక్కలు మెత్తగా, బరువుగా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇంకాసేపయ్యాక ఆ గాలి పొడిబారుతుంది, వాసన మారుతుంది, అప్పుడు ఊపితే గలగలమంటాయి. ఆ శబ్దం వచ్చాక 200కి పెంచి రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. నేను టైమర్ కంటే ఆ గలగలనే నమ్ముతాను, ఎందుకంటే ఒక్కో దుంపలో తేమ ఒక్కోలా ఉంటుంది.

ఆ చెంచాడు నూనె ఎందుకంటారా? వేడి పైపొర అంతటా సమంగా అంటడానికి, రంగు తిరగడానికి. అది కూడా మానేస్తే దుంపలు ఎండిపోయినట్టు, పొడిపిండి రాసినట్టు అవుతాయి. కొవ్వున్న చికెన్, చేపలకి బయటి నూనె అక్కర్లేదు, వాటిదే వాటికి సరిపోతుంది. డబ్బాలో ప్రెషర్‌తో వచ్చే వంటనూనె స్ప్రేలు మాత్రం బుట్ట మీద కొట్టకండి, వాటిలో కలిపే లెసితిన్ లాంటివి జిగురులా అంటుకుని కోటింగ్‌ని పాడు చేస్తాయి. మామూలు పంపు సీసా గానీ బ్రష్ గానీ చాలు.

ఇందులో కుదరనివీ ఉన్నాయి. జారుగా కలిపిన పిండిలో ముంచి వేసేవి దీనిలో రావు. నూనెలో పడగానే ఆ పిండి క్షణంలో గట్టిపడుతుంది, ఇక్కడ గట్టిపడే లోపే చిల్లుల్లోంచి కారిపోతుంది. పొడి పిండి, గుడ్డు, బ్రెడ్ పొడి వరసగా అద్దితే బాగా వస్తుంది. ఆకుకూరల్లాంటి తేలికపాటివి ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్‌కి తగులుతాయి. మా చెల్లి వాళ్లింట్లో ఖాళీ బుట్టలో బేకింగ్ పేపర్ వేసి ప్రీహీట్ పెట్టారు. కాగితం లేచి కాయిల్‌కి అతుక్కుని ఇల్లంతా మాడు వాసన. పేపర్ వాడొచ్చు గానీ, పైన ముక్కల బరువు ఉన్నప్పుడే వాడాలి. అదీ బుట్ట మొత్తం కప్పేలా వేస్తే చిల్లులు మూసుకుపోతాయి, గాలి ఆడకపోతే ఇక ఎయిర్ ఫ్రయర్ ఎందుకు?

ఆరోగ్యం గురించి ఒక మాట. నూనె తగ్గుతుందన్నది నిజం, దాంతో కేలరీలూ తగ్గుతాయి. కానీ పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటి పొడిగా వేగేటప్పుడు అక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుంది. ఆహారంలో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. నూనె లేనంత మాత్రాన ఇది పుట్టకుండా పోదు. దుంపల్ని నీళ్లలో నానబెట్టడం, పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకపోవడం, బంగారు రంగు రాగానే దించేయడం, ఈ మూడూ చేస్తే చాలావరకు తగ్గుతుంది. నల్లగా మాడ్చుకుని తినేవాళ్లకి ఏ మిషనూ మేలు చేయదు.

ఇక కొనడం. డబ్బా మీద రాసిన లీటర్లు చూసి మోసపోకండి. అది సొరుగు అంచు దాకా కొలిచిన లెక్క. అంచు దాకా నింపి వండితే పైవి వేగుతాయి, కిందవి ఉడుకుతాయి. ముక్కలన్నీ ఒకే వరసలో, మధ్యలో కాస్త ఖాళీ ఉండేలా పరచగలిగేంత అడుగు ఉండాలి. కాబట్టి షాపులో బుట్ట బయటికి లాగి, అడుగు ఎంత వెడల్పుందో చూడండి. మీ ఇంట్లో వాడే పళ్లెం దాని మీద ఊహించుకోండి. అదే లీటర్లలో గుండ్రటి లోతైన బుట్ట కన్నా చదరపు వెడల్పు బుట్టలో ఎక్కువ పడతాయి. ఒకరిద్దరికి రెండు మూడు లీటర్లవి నడుస్తాయి. మీ నలుగురికి అయిదారు లీటర్ల చదరపు బుట్ట తీసుకోండి. నాలుగు లీటర్లది కొంటే రెండు వాయిలు వేయాల్సి వస్తుంది, రెండో వాయి దిగేసరికి మొదటిది మెత్తబడిపోతుంది. మేం చిన్నది మార్చడానికి కారణం ఇదే.

రెండు సొరుగులవి వస్తున్నాయి కదా, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఒకదాంట్లో కూరగాయలు, ఇంకోదాంట్లో చికెన్ పెట్టి రెండూ ఒకేసారి దిగేలా సెట్ చేసుకోవచ్చు. తొమ్మిది లీటర్లని రాసి ఉన్నా ఒక్కో సొరుగు అందులో సగమే, కోడిని కోయకుండా పెట్టాలంటే పట్టదు. రోజూ రెండు రకాలు వండేవాళ్లకైతే మంచిదే. ముందు తలుపు, లోపల అరలు ఉండే ఓవెన్ రకంలో చోటు ఎక్కువ, అద్దంలోంచి కనపడుతుంది, కానీ పై అరకీ కింది అరకీ వేడిలో తేడా ఉంటుంది, మధ్యలో ట్రేలు మార్చాలి. కడగడం కూడా ఎక్కువ పని. వేగంగా, తక్కువ తంటాతో కావాలంటే నేను బుట్టకే ఓటేస్తాను.

పన్నెండు ప్రీసెట్లు, పదహారు ప్రీసెట్లు అని చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. అవన్నీ ఫలానా వేడి, ఫలానా నిమిషాలు అని ముందే పెట్టిన లెక్కలే, చేప ఎంత మందం ఉందో మిషన్‌కి తెలియదు. వేడి, టైమ్ విడివిడిగా మార్చుకోవడానికి రెండు నాబ్‌లుంటే చాలు. 80 నుంచి 200 డిగ్రీల దాకా వెళ్లాలి, సొరుగు లాగితే ఆగి, పెడితే మళ్లీ అదే టైమ్ దగ్గర్నుంచి మొదలవ్వాలి. ఉంటే మంచిదనిపించే ఒకే ఒక్క హంగు సొరుగుకి అద్దం కిటికీ. మీరు చికెన్ ఎక్కువగా వండితే ఆ ప్రీసెట్ల డబ్బుతో ఒక ఫుడ్ థర్మామీటర్ కొనుక్కోండి. ముక్క మధ్యలో 74 డిగ్రీలు చూపిస్తే లోపల ఉడికినట్టే, పైన రంగు చూసి నిర్ణయించడం ప్రమాదం.

కోటింగ్ గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది. మామూలు నాన్‌స్టిక్‌లో ఉండే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ అంటారే, అదే) 260 డిగ్రీల పైన పాడవడం మొదలవుతుంది, ఈ మిషన్లు ఎక్కువగా 200 దగ్గరే ఆగుతాయి. అయినా ఇంట్లో పెంపుడు పక్షులుంటే వంటగదికి దూరంగా ఉంచండి, బాగా వేడెక్కిన ఆ కోటింగ్ పొగకి అవి తట్టుకోలేవు. సిరామిక్ కోటింగ్ ఆ భయం తీరుస్తుంది గానీ దాని జారుడుతనం తొందరగా పోతుంది. స్టీలు బుట్టకి అంటుకుంటుంది, కానీ రుద్ది కడగొచ్చు. ఏదైనా సరే విడి బుట్ట దొరుకుతుందో లేదో కొనకముందే కనుక్కోండి, ముందు పోయేది మోటారు కాదు, బుట్ట కోటింగే. కడిగేటప్పుడు వేడినీళ్లు, సబ్బు పోసి కాసేపు నానబెట్టి మెత్తటి స్పాంజితో తుడిస్తే సరి. అప్పుడప్పుడు ప్లగ్ తీసి, చల్లారాక, పై కాయిల్‌ని కూడా తడిబట్టతో తుడవాలి. అక్కడ పేరుకున్న కొవ్వే చాలామంది ఇళ్లలో పొగకి కారణం.

కరెంటు విషయానికొస్తే, ఎక్కువ మోడళ్లు 1,400 నుంచి 1,800 వాట్ల మధ్య ఉంటాయి. 1,500 వాట్లది ఇరవై నిమిషాలు ఆగకుండా నడిస్తే అర యూనిట్, కాయిల్ మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి నిజానికి అంతకంటే తక్కువే. కానీ ఒక్కసారిగా లాగే కరెంటు ఎక్కువ. 230 వోల్టుల దగ్గర 1,500 వాట్లంటే దాదాపు ఆరున్నర ఆంపియర్లు, మీ సాకెట్ అంత మోయగలదో లేదో చూసుకోండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి మాత్రం తగిలించకండి. వెనక వేడి గాలి వెళ్లడానికి జానెడు ఖాళీ ఉంచండి. ఫ్యాన్ చప్పుడు ఉంటుంది, పక్కగదిలో టీవీ చూసేవాళ్లు సౌండ్ పెంచుకుంటారు.

ఓవెన్ తీసేయొచ్చా అన్నారు. అందులో కేకులు, బ్రెడ్డు చేస్తుంటే ఉంచండి. ఎయిర్ ఫ్రయర్‌లో గాలి జోరుకి కేకు పైన గబుక్కున గట్టిపడి, లోపల పొంగే లోపే పగులుతుంది. ఎప్పుడో చుట్టాలొచ్చినప్పుడు తప్ప ఓవెన్‌ని వెలిగించడం లేదంటే ఇవ్వదలుచుకున్నవాళ్లకి ఇచ్చేయండి. ఓవెన్ వంటకాల్ని దీనిలో చేయాలంటే వేడి 15, 20 డిగ్రీలు తగ్గించి, చెప్పిన టైమ్‌లో అయిదో వంతు ముందే తెరిచి చూడండి. ఒకవేళ మీ ఓవెన్‌లో ఇప్పటికే ఫ్యాన్ ఉంటే కొత్తది కొనే ముందు ఒక పని చేయండి: ట్రే బదులు జాలీ మీద పల్చగా దుంపలు పరిచి, ఫ్యాన్ వేసి ఓసారి వండి చూడండి. మీకు ఆ కరకర చాలనిపిస్తే, కొత్త మిషన్‌తో మిగిలే లాభం కాస్త వేగం, తొందరగా వేడెక్కడం అంతే.