కాంచనజంఘా, కాంచనజంగా?

సందేహం: సిక్కిం–నేపాల్ సరిహద్దు శిఖరం పేరును కొందరు 'కాంచనజంఘ' అని, కొందరు 'కాంచన్‌జంగా' అని రాస్తున్నారు. 'బంగారు తొడలు గలది' అని అర్థం కూడా చెబుతున్నారు. ఏది సాధువు?

సమాధానం: తొడ అన్నది ఎలాగూ కుదరదు. సంస్కృతంలో జంఘ అంటే చీలమండకూ మోకాలికీ నడిమి భాగం, అంటే పిక్క. తొడకు ఊరువు అనే మాట ఉంది. వడిగా పోయేవాణ్ణి జంఘాలుడన్నది పిక్కబలాన్ని బట్టే. తొడ అర్థం హిందీ 'జాంఘ్'ది.

అసలా పేరు సంస్కృతమే కాదు, టిబెటన్. గాంగ్ అంటే మంచు, ఛెన్ అంటే పెద్ద, ౙో అంటే నిధి, ఙ అంటే ఐదు. 8,586 మీటర్ల ప్రధాన శిఖరంతో కలిపి అక్కడ ఐదు శిఖరాలు. మూడు సరిహద్దు మీదే ఉన్నాయి, రెండు నేపాల్లో. ఆ నిధులను కాచే దేవత అక్కడ ఉందని సిక్కిం వారి నమ్మకం. 1955 మే 25న తొలిసారి పైకి చేరినవారు ఆ నమ్మకాన్ని మన్నించి కొనకు కొద్ది అడుగుల దూరంలో ఆగిపోయారు. 'బంగారు పిక్క' అనగానే ఇదంతా చెరిగిపోతుంది.

ఇక 'ౙో' సంగతి. ఆ ధ్వని మన ౙొన్నలోది, ౙడలోది, ౙోలపాటలోది. హిందీకి లేని దంత్య జకారం (నాలుక పళ్లను తాకి పలికేది) మనకు ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాల్లో మాత్రం జ తాలవ్యమే (జలం, జనంలోలా నాలుక అంగిలిని తాకి పలికేది) కనుక, జంఘగా మార్చిన క్షణమే చేతిలో ఉన్న సరైన ధ్వనిని వదులుకున్నట్టు. యూనికోడ్‌లో ౙ అక్షరం ఉన్నా వాడేవారు అరుదు. వార్తలు చదివేవారు 'జడ'ను సైతం తాలవ్యంగా పలుకుతుంటే, పిల్లలు ఈ తేడా ఎవరి నోట వినాలి? చివరి ఙ మాటకు మొదట నిలవడం మనకు అలవాటు లేదు, కాబట్టి 'ంగ' కావడం సహజం. 'జంగా' అని దీర్ఘం తీయడం మాత్రం ఇంగ్లిషు అక్షరాలను చూసి చదివిన ఫలితం.

సిక్కింలో తొలి అక్షరాన్ని 'ఖ'గానూ రాస్తారు. అక్కడి జాతీయ ఉద్యానం పేరు ఖాంగ్‌చెంౙొంగ.

'కాంచనజంగ' అని రాసి, జను దంత్యంగా పలకడం మేలని నా అభిప్రాయం. 'కాంచనజంఘ' తెలుగులో చాలాకాలంగా పాతుకుంది, దాన్ని అపశబ్దమని కొట్టిపారేయలేను. పద్యంలో సమాసానికి అది అనువు కూడా. అలా రాసినా, అర్థం చెప్పేటప్పుడు ఐదు నిధులనే చెప్పండి.