టెక్ సందేహాలు: పాడుచేస్తేనే కదా తెలిసేది!

ఏ ఫోన్ కొనాలి, ఏ యాంటీవైరస్ మంచిది లాంటి ప్రశ్నలకు ఈ వారం సెలవు. కొన్నాళ్లుగా నా మెయిల్‌లో ఇంకో రకం ఉత్తరాలు పోగయ్యాయి. కంప్యూటర్ మీద కొత్తగా మనసుపడ్డ పిల్లలవి, వాళ్లను చూసి కంగారుపడుతున్న పెద్దలవి, ఎప్పుడో మనసుపడి మధ్యలో వదిలేసినవాళ్లవి. ఈసారి వాటికే జవాబులు.

ప్రశ్న: నాకు 15 ఏళ్లు. ఇంట్లో నాన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. అందులో విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ వేసి చూడాలని ఉంది. "ఉన్నదాన్ని కూడా పాడుచేస్తావ్" అని నాన్న ముట్టుకోనివ్వడం లేదు. ఆయన ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు అందులోనే ఉన్నాయి. ఏం చేయాలి సర్?

మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. నీ కోరికలోనూ తప్పు లేదు. ఇద్దరికీ కుదిరే దారి లైవ్ యూఎస్‌బీ, అంటే ల్యాప్‌టాప్‌లో ఏమీ ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడపడం. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకో. లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌లో తేలికగా నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్‌ను దాని అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. పెన్‌డ్రైవ్‌లో అప్పటిదాకా ఉన్నదంతా పోతుంది, అది గుర్తుంచుకో. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) కీ నొక్కాలి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఇలా ఏదో ఒకటి. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే కాసేపటికి లినక్స్ డెస్క్‌టాప్ వస్తుంది. విండోస్, నాన్న ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాత ల్యాప్‌టాపే.

రెండు జాగ్రత్తలు. ఆ డెస్క్‌టాప్ మీద 'ఇన్‌స్టాల్' అనే ఐకాన్ ఊరిస్తూ కనపడుతుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లకు. అందులో 'ఎరేజ్ డిస్క్' ఆప్షన్ ఎంచుకుంటే ఫొటోలతో సహా అన్నీ పోతాయి. ఇక విండోస్‌లో బిట్‌లాకర్ లాంటి ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకు వేసే తాళం) ఆన్‌లో ఉందేమో ముందే చూడు. ఉంటే, పెన్‌డ్రైవ్ నుంచి నడపడం కోసం బయోస్‌లో (విండోస్ కన్నా ముందే వచ్చే సెట్టింగ్‌ల స్క్రీన్‌లో) సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చాల్సి వస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

నాన్నతో మాట్లాడటానికి నీకు ఇంకో పాయింట్ కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ ల్యాప్‌టాప్ సంగతి ఎలాగూ తేల్చాల్సిందే. ముందు ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి నువ్వే కాపీ చేసిపెట్టి, అవి తెరుచుకుంటున్నాయో లేదో ఆయన ముందే ఒక్కొక్కటి చూపించు. బ్యాకప్ సరిగ్గా చేసి చూపించిన పిల్లాడి చేతికి ల్యాప్‌టాప్ ఇవ్వడానికి ఏ తండ్రికైనా కాస్త ధైర్యం వస్తుంది.

ఇంత చెప్పినా ఏదో ఒకరోజు ఏదో ఒకటి పాడవుతుంది. పాడవ్వాలి కూడా. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ సంగతే చూడు. ఆయన ప్రోగ్రామింగ్ మొదలైంది హెల్సింకీలో తాతగారి దగ్గరున్న విక్-20 కంప్యూటర్ మీద. దాని ర్యామ్ 5 కేబీ. జీబీ కాదు, ఎంబీ కూడా కాదు. 1991లో, 21 ఏళ్ల వయసులో, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించినప్పుడు కూడా అది సరదాకేనన్నాడు. తర్వాత ఒకసారి మోడెమ్‌కు (ఫోన్ లైన్ మీద వేరే కంప్యూటర్‌తో కలిపే పరికరం) పంపాల్సిన డయల్ కమాండ్‌ను పొరపాటున హార్డ్‌డిస్క్‌కు పంపి, అప్పటిదాకా వాడుతున్న మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చెడగొట్టుకున్నాడు. దాన్ని మళ్లీ ఎక్కించుకునే బదులు తాను రాస్తున్నదాన్నే పూర్తిగా వాడుకునేలా తయారుచేయడానికి కూర్చున్నాడు. అయితే ఒక్కటి గమనించు, అది ఆయన సొంత మెషీన్. మీ నాన్న ఆఫీసు ఫైళ్లున్నది కాదు.

ప్రశ్న: నాకు 16. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. ఏదైనా మాట ఇస్తే అందులో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే ప్రోగ్రామ్ రాశాను. ఇంగ్లిష్ మాటలకు బాగానే వస్తోంది. 'తెలుగు' అని ఇస్తే 6 అంటోంది! తిరగేసి ప్రింట్ చేయమంటే ఏదో పిచ్చిగా వస్తోంది. మా సర్‌ని అడిగితే "సిలబస్‌లో లేదు, వదిలేయ్" అన్నారు. తప్పు నాదా, పైథాన్‌దా?

ఇద్దరిదీ కాదు. ఈ వారం ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, అందుకే కాస్త తీరిగ్గా చెప్తాను.

మనం కాగితం మీద మూడక్షరాలు రాస్తాం. కంప్యూటర్ మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. నమ్మకం కుదరకపోతే పైథాన్‌లో 'ఆర్డ్' అనే ఫంక్షన్ ఉంది, ఒక్కో ముక్కనూ దానికి ఇచ్చి చూడు. వరసగా 3108, 3142, 3122, 3137, 3095, 3137 వస్తాయి. రెండు కొమ్ములూ ఒకటే కాబట్టి 3137 రెండుసార్లు వచ్చింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 3072 నుంచి 3199 దాకా తెలుగుకు కేటాయించారు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే మన లిపికి చోటు దొరికింది.

ఇక ఆ పిచ్చి సంగతి. ఆరు ముక్కల్ని తిరగేస్తే ముందు కొమ్ము వస్తుంది. ఆనుకోవడానికి దాని ముందు హల్లు లేదు కదా, అందుకే చాలా స్క్రీన్ల మీద చుక్కల సున్నా ఒకటి గీసి దానికి కొమ్ము తగిలిస్తారు. దాని తర్వాత గ, కొమ్ము కలిసి 'గు' అవుతాయి. ల దగ్గరికి ఎత్వం చేరి 'లె' అవుతుంది. చివరికి 'త' ఒంటరిగా మిగులుతుంది. నీకు 'గులెత' లాంటిదేదో కనపడి ఉంటుంది, అవునా? 'అమ్మ'ను తిరగేసి చూడు, 'మ్మఅ' వస్తుంది. ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

దీన్ని సరిచేయడం నీ చేతిలో పనే. పైథాన్‌తో పాటే వచ్చే 'యూనికోడ్‌డేటా' మాడ్యూల్ ప్రతి ముక్కా ఏ రకమో చెప్తుంది. గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు అన్నిటికీ ఇంగ్లిష్ 'ఎం'తో మొదలయ్యే కేటగిరీ ఉంటుంది. వాటిని లెక్కలోంచి తీసేయ్. 'తెలుగు'కు 3 వస్తుంది. సంతోషించేలోపే 'అమ్మ' అడ్డం తిరుగుతుంది. దానికీ 3 అంటుంది, ఎందుకంటే మకారాలు రెండున్నాయి. కాబట్టి ఇంకో నియమం పెట్టుకో: ముందున్నది పొల్లయితే ఆ హల్లును కొత్త అక్షరంగా లెక్కపెట్టొద్దు. ఇప్పుడు 2 వస్తుంది. ఆ తర్వాత 'కంప్యూటర్‌లో' అనే మాట ఇచ్చి చూడు. చాలా కీబోర్డులు అందులో 'ర్'కీ 'లో'కీ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతాయి. నీ ప్రోగ్రామ్ దాన్ని ఏం చేస్తుందో చూసి నాకు రాయి.

ఇంకొక విషయం కూడా నీకు నచ్చుతుంది. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 దాటగానే రెండో మెసేజ్ మొదలవుతుంది. మామూలు ఇంగ్లిష్ అక్షరాలు ఏడేసి బిట్లలో సర్దుకుంటాయి. తెలుగు వాటిలో ఇమడదు, ముక్కకు పదహారేసి బిట్లు కావాలి. పైగా ఆ 70లో ప్రతి గుణింతం, ప్రతి పొల్లూ విడిగా లెక్కకొస్తాయి.

కోర్సులు చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. కోర్సు అయిపోయాక కూడా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మాత్రం, నా అనుభవంలో, ఇలా తమ ప్రోగ్రామే తమను ఆశ్చర్యపరిస్తే ఆ సంగతేంటో తేలేదాకా వదలనివాళ్లు. సిలబస్ పని సిలబస్ చేస్తుంది, సర్ మీద కోపం వద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి 14. రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటరే. గేమ్ 'తయారుచేస్తున్నా' అంటాడు. ఇది ఆసక్తో, వ్యసనమో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

గంటలు లెక్కపెడితే ఏమీ తేలదమ్మా. పక్కన కూర్చుని "ఏం చేశావో నాకు చూపించు" అనండి. నిజంగా చేస్తున్నవాడైతే ఆపమన్నా ఆపడు. ఈ బొమ్మ గోడలోంచి దూరిపోతోంది, నిన్నంతా దాంతోనే సరిపోయింది అని మీకు అర్థంకాని భాషలో చెప్పుకుపోతాడు. విసుగు, చిరాకు, మధ్యమధ్యలో ఎగిరి గంతేయడం, అన్నీ ఉంటాయి. చూపించడానికి ఏమీ లేక స్క్రీన్ మూసేస్తుంటే అప్పుడు ఆలోచించాలి.

అయినా నిద్ర నిద్రే, అందులో రాజీ వద్దు. కాకపోతే టైమ్ అవ్వగానే కరెంటు తీసేయడం, వైఫై కట్ చేయడం లాంటివి చేయకండి. చేసిన పని పోతే ఆ కోపం మీ మీదికి మళ్లుతుంది. పడుకునే ముందు ఫైల్ సేవ్ చేసి, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క లైన్ రాసి పెట్టుకోమనండి. పెద్ద కంపెనీల్లో పనిచేసే ప్రోగ్రామర్లలోనూ చాలామందికి ఈ అలవాటు ఉంటుంది. ఆరునెలల్లో వాడికి గేమ్ మీద మోజు పోయి ఇంకోదాని మీదకు వెళ్లినా దిగులుపడకండి. ఈ వయసులో అది మామూలే.

ప్రశ్న: వయసు 17. పక్కింటి వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టే యాప్ ఏదైనా మంచిది చెప్పండి. దొంగతనం ఉద్దేశం లేదు, హ్యాకింగ్ నేర్చుకోవాలని.

చెప్పను. నీ ఉద్దేశం ఎలాంటిదైనా అడగకుండా పక్కవాళ్ల నెట్‌వర్క్‌లోకి వెళ్తే తప్పే. ఆ పేరుతో తిరిగే యాప్‌లలో చాలావి నీ ఫోన్‌నే హ్యాక్ చేసే రకం.

ఇలాంటి కుతూహలం కొత్తేమీ కాదులే. 1960ల చివర్లో, తర్వాత మైక్రోసాఫ్ట్ పెట్టిన బిల్ గేట్స్, పాల్ అలెన్ స్కూల్లో ఉండగా ఒక కంపెనీ కంప్యూటర్‌ను వాడుకునేవాళ్లు, వాడిన టైమ్‌కు డబ్బు కట్టాల్సి వచ్చేది. సిస్టమ్‌లోని లోపాలు వాడుకుని ఉచితంగా టైమ్ సంపాదిస్తూ దొరికిపోయారు. ఆ కంపెనీ వాళ్లను వేసవి అంతా కంప్యూటర్ దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత వాళ్లే ఒక బేరం పెట్టారు: మీ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికిపెడతాం, బదులుగా టైమ్ ఇవ్వండి అని. కంపెనీ ఒప్పుకుంది. అడిగి వెతకడానికీ, అడక్కుండా దూరడానికీ తేడా అక్కడే ఉంది.

నీకు అడక్కుండానే అనుమతి ఇచ్చే చోటు ఒకటుంది. 'ఓవర్‌దివైర్' సైట్‌లో 'బ్యాండిట్' అనే ఆట. ఉచితం. ఒక సర్వర్‌లోకి లాగిన్ అవుతావు, మొదటి లెవెల్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాళ్లే ఇస్తారు. ఆ తర్వాత ప్రతి లెవెల్‌లోనూ తర్వాతి పాస్‌వర్డ్ ఎక్కడో దాగి ఉంటుంది. ఒకచోట ఫైల్ పేరే ఉత్త అడ్డగీత. మామూలుగా తెరవబోతే కమాండ్ ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎందుకో కనిపెట్టు, జవాబు నేను చెప్పను. అది పూర్తయ్యేసరికి లినక్స్ కమాండ్లు నీకు నోటికి వచ్చేస్తాయి.

ప్రశ్న: నా దగ్గర కంప్యూటర్ లేదు, ఫోన్ మాత్రమే. కోడింగ్ కుదురుతుందా? (వయసు 14)

మొదలుపెట్టడానికి కుదురుతుంది. ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ యాప్ వేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పైథాన్ నడుస్తుంది. ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాలు తగిలించే వైరు) మామూలు కీబోర్డ్ తగిలించుకుంటే సగం కష్టం తీరుతుంది. చిన్న స్క్రీన్ మీద పెద్ద ప్రోగ్రామ్ రాయడం నరకమే, కాబట్టి ముందు కాగితం మీద రాసుకో. ఇదేదో సర్దిచెప్పే మాట కాదు. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ హైస్కూల్లో ఉండగా విడిభాగాలు కొనే స్తోమత లేక మినీకంప్యూటర్ల డిజైన్లు కాగితం మీదే గీసేవాడు. తన డిజైన్‌నే మళ్లీ తీసి, ఇంకొన్ని చిప్‌లు తగ్గించగలనా అని చూసేవాడు. తర్వాత యాపిల్‌లో ఆయనకు పేరు తెచ్చింది ఆ పొదుపే.

ప్రశ్న: నాకు 44. స్కూల్లో ఉండగా బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రామ్‌లు రాసేవాణ్ణి. అప్పట్లో అదే లోకం. తర్వాత ఉద్యోగం, సంసారం. ఈమధ్య సామాన్లు సర్దుతుంటే పాత ఫ్లాపీలు దొరికాయి. అందులో ఉన్నవి చూడొచ్చా? ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టడంలో అర్థం ఉందా?

రెండో ప్రశ్నకు చిన్న జవాబు: ఉంది. ఉద్యోగం మారడానికైతే ఆలోచించుకోవాలి. ఇష్టం కోసమైతే అడగాల్సిన పనే లేదు. మీ ఆఫీసులో నెలనెలా చేత్తో చేసే ఎక్సెల్ పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పైథాన్‌లో మొదటి ప్రోగ్రామ్ దానికే రాయండి. లూపులు, కండిషన్లు అప్పుడు నేర్చుకున్నవే. లైన్ నంబర్లు మాత్రం ఉండవు, మొదట్లో అది కాస్త వెలితిగానే అనిపిస్తుంది.

ఇక ఫ్లాపీలు. 3.5 అంగుళాలవైతే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చాలు. ముందు రైట్ ప్రొటెక్ట్ చేయండి, అంటే మూలనున్న చిన్న ప్లాస్టిక్ ముక్కను జరిపి రంధ్రం తెరుచుకునేలా పెట్టండి. తర్వాత ఫైళ్లను అక్కడే తెరవకుండా మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. ఇన్నేళ్ల ఫ్లాపీ మళ్లీ రెండోసారి చదువుతుందన్న గ్యారంటీ లేదు. బూజు కనపడితే డ్రైవ్‌లో పెట్టనే పెట్టకండి, డ్రైవ్ కూడా పాడవుతుంది.

కాపీ చేసిన ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు రావచ్చు. కంగారుపడొద్దు, ఫైల్ పాడైందని కాదు. అప్పటి పీసీల్లో వాడిన జీడబ్ల్యూ-బేసిక్ మామూలుగా ప్రోగ్రామ్‌ను కుదించిన రూపంలో సేవ్ చేసేది. 'పీసీ-బేసిక్' అనే ఉచిత ఎమ్యులేటర్ (ఆ పాత బేసిక్‌ను ఇప్పటి కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్) వేసుకుని, అందులో ఆ ఫైల్‌ను లోడ్ చేసి, మీకు గుర్తున్న 'లిస్ట్' కమాండే కొట్టండి. సేవ్ చేసేటప్పుడు ఫైల్ పేరు తర్వాత కామా పెట్టి ఇంగ్లిష్ 'ఏ' చేరిస్తే మామూలు టెక్స్ట్‌గా వస్తుంది, దాన్ని ఎక్కడైనా తెరుచుకోవచ్చు. ఫ్లాపీలు 5.25 అంగుళాలవైతే మాత్రం ఈ యూఎస్‌బీ డ్రైవ్ పనికిరాదు. పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లెవరైనా తెలిసుంటే వాళ్ల దగ్గర నడిచే డ్రైవ్ ఉందేమో కనుక్కోండి.