స్ప్రింగ్ బిగించే ముందు వ్యాక్యూమ్ చూడు

తిరుపతి

చిరంజీవి అల్లుడు హరీష్‌కు ఆశీస్సులు.

బండికి బ్లో ఆఫ్ వాల్వ్ వేయించాలని ఉంది, ఏది కొనమంటావు మామా అని అడిగావు. పేరు చెప్పడం రెండు నిమిషాల పని. కానీ నీ బండి గాలిని ఎట్లా కొలుస్తుందో తెలియకుండా ఏ పేరు చెప్పినా తప్పే అవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజన్‌లోకి గాలి పోయే తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుంటుంది. ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో మాత్రం అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. మధ్య పైపుల్లో ఇరుక్కున్న గాలి పోయే దారి లేక వెనక్కి మళ్ళి టర్బోలోని కంప్రెసర్ చక్రాన్ని తంతుంది. పావురం రెక్కలు కొట్టుకున్నట్టు "చుచుచు" అని వినబడేది అదే. ఆ దెబ్బ టర్బో షాఫ్ట్ బేరింగు మీద పడుతుంది, చక్రం వేగం తగ్గి మళ్ళీ పికప్ అందుకోవడం ఆలస్యమవుతుంది. ఆ గాలికి దారి చూపించడమే వాల్వ్ పని. సౌండు దాంతోపాటు వచ్చేదే గానీ, సౌండు కోసం వాల్వ్ కాదు. మీ స్నేహితుడి డీజిల్ బండికి కూడా వేయిద్దామన్నావు, వద్దని చెప్పు. డీజిల్ బండిలో కాలు తీస్తే తగ్గేది ఇంధనం, గాలి దారి అట్లా మూసుకోదు. దానికి ఈ వాల్వుతో పనే లేదు.

ఇప్పుడు బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకు పోయే పైపు చూడు. డబ్బా దాటగానే పైపులోకి దిగిన చిన్న వైర్ల సెన్సర్ ఉంటే అది మ్యాఫ్. లోపలికి వచ్చే గాలినంతా అది లెక్కబెట్టి కంప్యూటర్‌కు చెబుతుంది, ఆ లెక్కకు సరిపడా పెట్రోల్ పడుతుంది. అట్లాంటి బండికి గాలిని బయటికి వదిలే వాల్వ్ వేశావంటే, లెక్కకెక్కిన గాలి సగంలోనే బయటికి పోతుంది, దాని వంతు పెట్రోల్ మాత్రం పడుతుంది. కాలు తీసిన ప్రతిసారీ నల్లపొగ, గేరు మార్చేటప్పుడు ఒక కుదుపు, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం, స్పార్క్ ప్లగ్గులు నల్లబడడం అన్నీ దీనివల్లే. ఎక్కువ రోజులు నడిపితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది, అది చాలా ఖరీదైన సామాను. కాబట్టి మ్యాఫ్ ఉంటే గాలిని మళ్ళీ టర్బో ముందుకే తెచ్చి కలిపే రీసర్క్యులేటింగ్ రకమే వేయించు. ఆ తిరుగు పైపు మ్యాఫ్ దాటాక, టర్బో మూతికి ముందు కలవాలి. మ్యాఫ్ లేకుండా, గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఒక్కటే ఉంటే రెండు రకాలూ నడుస్తాయి.

ఇంకొకటి. కొత్త బండ్లు చాలావాటిలో కంపెనీ వాల్వ్ టర్బో ఒంటికే బిగించి ఉండి, కరెంటుతో పనిచేస్తుంది. దాని ప్లగ్గు పీకేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. నీది ఆ రకమైతే, పాతది చెడిపోయిందని తేలితే తప్ప దాని జోలికి పోవద్దని నా మాట. ఇంజన్ గాలి గుంజే బలంతో, అంటే వ్యాక్యూమ్ పైపుతో నడిచే పాత రకమైతే ముందు దాన్నే పరీక్షించు. వాల్వు విప్పి, నిపిల్‌కు చేతి వ్యాక్యూమ్ పంపు తగిలించి మీటర్ మీద 15 ఇంచుల (పాదరసం కొలత) దాకా లాగి ఒక నిమిషం ఆగు. ముల్లు కిందికి దిగిపోతుంటే లోపలి రబ్బరు పొర చిరిగినట్టే. దిగకుండా నిలబడితే ఆ వాల్వు ఇంకా బాగుంది, డబ్బు మిగుల్చుకో.

కొనేది పిస్టన్ రకమా, రబ్బరు పొర రకమా అంటావు. పొర రకం సున్నితంగా తెరుచుకుంటుంది, కానీ ఏళ్ళ వేడికి చిరుగుతుంది. పిస్టన్ గట్టిది, కానీ మన ఎండాకాలం దుమ్ముకు పట్టేస్తుంది. పిస్టనే తీసుకుంటే ప్రతి 10,000 కిలోమీటర్లకు విప్పి శుభ్రంగా తుడిచి, పలుచగా సిలికాన్ గ్రీజు రాయాలి. పెట్రోల్‌తో కడగొద్దు, ఓ-రింగులు ఉబ్బిపోతాయి. హెచ్‌కేఎస్ లాంటి పేరున్న బ్రాండ్లకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి, సగం ధరకు దొరికిందంటే అనుమానించు.

వాల్వును, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కు వీలైనంత దగ్గరగా పెట్టించు. అల్యూమినియం పైపుకు అల్యూమినియం ఫ్లాంజే (వాల్వు కూర్చునే బిళ్ళ) ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి. వ్యాక్యూమ్ పైపు థ్రాటిల్ వెనక మ్యానిఫోల్డ్ (ఇంజన్‌కు గాలి పంచే గొట్టం) నుంచి నేరుగా వాల్వుకే రావాలి. బూస్ట్, అంటే టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి, చూపించే మీటర్‌కు పోయే పైపులో టీ జాయింటు వేసి పంచుకుంటే వాల్వు బద్ధకంగా తెరుచుకుంటుంది. గోడ మందంగా ఉన్న పైపే వాడు, పలుచది వ్యాక్యూమ్‌కు నొక్కుకుపోతుంది.

అసలు విషయం స్ప్రింగ్. "బూస్ట్ ఎక్కువ, గట్టి స్ప్రింగ్ వెయ్యి" అనేవాళ్ళ మాట నమ్మొద్దు. బూస్ట్ ఎక్కినప్పుడు వాల్వు కింద ఎంత ఒత్తిడి ఉంటుందో, మ్యానిఫోల్డ్ పైపు ద్వారా పైన కూడా దాదాపు అంతే ఉంటుంది. రెండూ సరిపోతాయి, మూసి ఉంచేది స్ప్రింగే, దానికి పెద్ద బలం అక్కర్లేదు. స్ప్రింగ్‌ను ఐడ్లింగ్‌లో ఉండే వ్యాక్యూమ్‌ను బట్టి ఎంచుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు అది 16 నుంచి 22 ఇంచుల మధ్య ఉంటుంది.

ఇంజన్ బాగా వేడెక్కనీ, ఏసీ ఆపు. స్ప్రింగ్‌ను పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టు. బయటికి వదిలే రకమైతే వాల్వు నోటి దగ్గర పలుచని టిష్యూ ముక్క పట్టుకో. లోపలికి అతుక్కుంటే వాల్వు ఐడ్లింగ్‌లో తెరిచే ఉంది, ఫిల్టర్ చూడని దుమ్ము గాలి ఇంజన్‌లోకి పోతోంది. అర చుట్టు చొప్పున బిగిస్తూ పో. టిష్యూ వదులుగా వేలాడిన చోట ఆగి లాక్ నట్ వెయ్యి. ఎందుకైనా మంచిదని ఇంకో చుట్టు బిగించొద్దు. రీసర్క్యులేటింగ్ రకానికి ఈ బాధ లేదు, మెత్తగానే ఉంచి, బూస్ట్ రావడం ఆలస్యమైతేనే కాస్త బిగించు.

ఈ సెట్టింగు తిరుపతిలోనే చెయ్యి, కొండ మీద కాదు. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు ఒక ఇంచు వ్యాక్యూమ్ తగ్గుతుంది. ఇక్కడ 18 చూపించే బండి తిరుమలలో 16 దగ్గర ఉంటుంది. అక్కడ టిష్యూ సరిగా ఉందని సెట్ చేస్తే, కిందికి వచ్చాక వాల్వు ఐడ్లింగ్‌లో తెరుచుకుంటుంది. ఇక్కడ అతిగా బిగిస్తే, పైన కాలు తీసినప్పుడు వాల్వు తెరుచుకోక చుచుచుమంటుంది. మదనపల్లె వెళ్ళినా ఇంతే.

తర్వాత రేణిగుంట దాటాక ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని మూడో గేరులో 2,500 నుంచి 4,000 ఆర్‌పీఎం దాకా లాగి కాలు తీయి. ఘాట్ రోడ్డులో మాత్రం ఈ పరీక్షలు వద్దు. ఒక్కసారి "ప్షూ" అని తెగిపోతే సరి. ఎక్కువ బూస్ట్‌లో చుచుచుమంటే పావు చుట్టు వదులు చెయ్యి. కాలు కొద్దిగా తొక్కి వదిలినప్పుడు చిన్నగా వస్తే కంగారు పడకు, ఆ కాస్త గాలితో టర్బోకు ఏమీ కాదు.

పికప్ పడిపోయి, బూస్ట్ తక్కువైందని బండి కంప్యూటర్ చెప్పే పీ0299 కోడ్ వస్తే స్ప్రింగ్ ముట్టుకోకుండా ముందు లీక్ వెతుకు. ఇంజన్ ఆపి, టర్బో మూతికి సరిపడే పీవీసీ మూతకు ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి తొడిగి, 10 నుంచి 15 పీఎస్ఐ గాలి పట్టించు. నీ బండి మామూలు బూస్ట్ దాటొద్దు. కీళ్ళన్నిటి మీదా సబ్బు నీళ్ళు కొట్టు, నురగ లేచిన చోటే లీకు. వాల్వు నోట్లోనే నురగ లేస్తే పిస్టన్ సగంలో పట్టేసిందో, అంచు మీద ఇసుక రేణువు కూర్చుందో విప్పి చూడు.

కంపెనీ వాల్వు పారేయకుండా గుడ్డలో చుట్టి పెట్టు, వారంటీ సర్వీసుకు పోయేటప్పుడు కావాలి. కొత్తది వేసిన వారానికి, ఇంజన్ చల్లారాక, క్లిప్పులన్నీ ఇంకోసారి బిగించు. వేడికి రబ్బరు కుదురుకుని అవి వదులవుతాయి.

ఇట్లు,
మీ మామ