సున్నా కేసులంటే నమ్మేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

రాష్ట్ర స్థాయిలో వ్యాధుల నిఘా బాధ్యత నీకిచ్చారని తెలిసి సంతోషించానమ్మా. ఏం చదవమంటారని అడిగావు. చదవాల్సినవి ఆఫీసులోనే గుట్టలుగా ఉంటాయి, ఎలాగూ చదువుతావు. వాటిలో కనిపించనివి కొన్ని చెబుతాను.

వారం వారం వచ్చే రిపోర్టులో ఒక జిల్లాకి ఎదురుగా సున్నా ఉంటే అక్కడ జబ్బు లేదని అనుకోకు. నిజంగా లేకపోవచ్చు. ల్యాబ్‌లో కిట్లు అయిపోయి ఉండొచ్చు, రిపోర్టు పంపే మనిషి సెలవులో ఉండొచ్చు, లేదా వచ్చిన రోగుల్ని ఎవరూ లెక్క రాసి ఉండకపోవచ్చు. కాగితం మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రిపోర్టు రాని చోట గడి ఖాళీగా ఉండాలి. కంప్యూటర్ దానంతట అదే సున్నా వేసేస్తుంటే ముందు ఆ పని మాన్పించు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

లెక్కలు మన టేబుల్ మీదకి చేరేలోపే జబ్బు ఇంకెక్కడో కనిపించేస్తుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీలో తాగునీళ్లలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చేరి సుమారు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్లు ప్రత్యేకంగా అడిగితే తప్ప ల్యాబులు దానికోసం వెతికేవి కావు. కానీ మందుల షాపుల్లో విరేచనాల మందులు ఖాళీ అయిపోయాయి. టీచర్లు, పిల్లలు బడికి రాలేదు, ఆసుపత్రి సిబ్బంది డ్యూటీకి రాలేదు. నీటి శుద్ధి కేంద్రంలో నీళ్లు మసకబారుతున్నట్టు అంతకుముందు నుంచే రికార్డుల్లో ఉంది. ఒక్కో ముక్క ఒక్కో చోట ఉంది, కలిపి చూసేవాళ్లే ఆలస్యంగా వచ్చారు. అందుకే నీటి సరఫరా వాళ్లతో, విద్యాశాఖతో, మందుల వ్యాపారులతో ఏ ఇబ్బందీ లేని రోజుల్లోనే పరిచయం పెంచుకో. గొడవ మొదలయ్యాక నువ్వు ఫోన్ చేస్తే తప్పు ఎవరిదో వెతకడానికి చేశావనుకుంటారు.

పశువైద్యుల్ని అసలు మర్చిపోకు. 1999 ఆగస్టులో న్యూయార్క్‌లో ఒక డాక్టరు, మెదడువాపుతో వచ్చిన ఇద్దరు రోగులకి కండరాలు కూడా పడిపోతున్నాయని గమనించి ఆరోగ్య శాఖకి ఫోన్ చేశారు. పరీక్షలు చేసి సెయింట్ లూయిస్ మెదడువాపు అన్నారు, అది దోమల వల్ల వచ్చే ఒక వైరస్ జబ్బు. అదే సమయంలో ఊళ్లో కాకులు, జూలో పక్షులు చచ్చిపోతున్నాయి. ఆ వైరస్ పక్షుల్ని ఇలా చంపదు కదా అని జూలోని పశువైద్య నిపుణురాలు పట్టుబట్టింది. చివరికి అది వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది, అప్పటిదాకా అమెరికా ఖండాల్లో లేనిది. మనుషుల డాక్టర్లకి పశువుల డాక్టర్ల మాట చెవికెక్కడానికి వారాలు పట్టింది.

ఆ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ మొదటి ఫోన్. నా వల్ల ఒక ఫోన్ ఆగిపోయింది కాబట్టి చెబుతున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం ఒక చిన్న ఆరోగ్య కేంద్రం డాక్టరు ఫోన్ చేసి, ఒకే వీధిలో నలుగురికి జ్వరం, ఒంటిమీద దద్దుర్లు అన్నాడు. ఫారం నింపి పంపకుండా ఫోన్ ఏమిటని విసుక్కున్నాను. ఆ జ్వరం దానంతటదే తగ్గిపోయింది. అతను మాత్రం మళ్లీ ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. మరుసటి ఏడాది అదే కేంద్రం పరిధిలో తట్టు వచ్చినప్పుడు నాకు పేపర్లో చదివితే తెలిసింది. ఫోన్ చేసినవాళ్లకి ముందు థాంక్స్ చెప్పు, ఫారం తర్వాత అడుగు. ఏం తేలిందో మళ్లీ ఫోన్ చేసి వాళ్లకే మొదట చెప్పు. పది ఫోన్లలో తొమ్మిది ఉత్తవే అవుతాయి, అవనీ.

ఈ మధ్య 7-1-7 అనే లెక్క వాడుతున్నారు. జబ్బు మొదలైన 7 రోజుల్లో కనిపెట్టాలి, 1 రోజులో పైవాళ్లకి తెలపాలి, తర్వాతి 7 రోజుల్లో మొదటి చర్యలు పూర్తి కావాలి. మంచి కొలత. కానీ దాన్ని జిల్లాల వాళ్లకి మార్కులు వెయ్యడానికి వాడితే తేదీలు దిద్దడం మొదలుపెడతారు. ఆలస్యం ఎక్కడ జరిగిందో కలిసి వెతకడానికే వాడు.

అత్యవసర ఏర్పాట్ల గురించి పెద్దగా చెప్పను. స్టాక్ రిజిస్టర్‌లో కిట్లు ఎన్నున్నాయో కాదు, గడువు ఎప్పుడో చూడు. జనరేటర్ ఉందని రాసిన చోట అది ఏ అంతస్తులో ఉందో అడుగు. 2005లో కత్రినా తుఫానప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో కొన్ని ఆసుపత్రుల కరెంటు పరికరాలు కింది అంతస్తుల్లో ఉండి నీట మునిగాయి. మాక్ డ్రిల్ ముందే చెప్పి పగటిపూట పెడితే అది నాటకమే. ఆదివారం రాత్రి ఒకటి పెట్టు. శాంపిల్‌ని ఐస్ బాక్సులో పెట్టి ల్యాబ్‌కి పంపమని చెప్పి, ఎంతసేపట్లో చేరుతుందో చూడు. డ్రైవర్ దొరకలేదనో, ల్యాబ్ తలుపు తీసేవాళ్లు లేరనో బయటపడుతుంది. ఎవరినీ తిట్టకు, అది తెలుసుకోడానికే కదా పెట్టింది.

సోమవారం చేరుతున్నావు కదా. అత్యవసర ఫోన్ నంబర్ల లిస్టు అడిగి తీసుకుని, మొదటి ఇరవై నంబర్లకి నువ్వే స్వయంగా ఫోన్ చెయ్యి. ఎన్ని మోగాయో, ఎన్నింటిలో బదిలీ అయిపోయినవాళ్లు ఎత్తారో నాకు రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దాయన