ఐరన్‌కు లొంగని రక్తహీనత: భర్తకూ పరీక్ష తప్పదు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. సొంత మేనమామనే చేసుకున్నాను. ఇప్పుడు రెండో నెల. ఇద్దరిదీ ఓ పాజిటివ్. ఒకే గ్రూపు అయితే పిల్లలు సరిగా పుట్టరంటున్నారు, నిజమేనా? నాకు రక్తం 9 గ్రాములే. మెడికల్ షాపులో ఐరన్ మాత్రలు తెచ్చుకుని ఏడాదిగా వాడుతున్నా పెరగలేదు.
– ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: గ్రూపు ఒకటే కావడం వల్ల బిడ్డకు ఏమీ కాదు. ఆ దిగులు వదిలేయండి. మీరు చివర్లో రాసిన మాటే నాకు ఆందోళనగా ఉంది. ఐరన్ లోపమే అయితే, మాత్రలు సరిగా వేసుకుంటే నెల తిరిగేసరికి గ్రాము వరకైనా పెరగాలి. పెరగలేదంటే బహిష్టులో ఎక్కువగా పోతుండొచ్చు, ఒంటికి పట్టకపోవచ్చు, లేదా మీరు తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య రక్తజబ్బు) క్యారియర్ కావచ్చు. చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. కానీ కారణం వెతక్కుండా ఏడాదిపాటు షాపు మాత్రలతో నెట్టుకురావడం తప్పమ్మా. లోపం లేనివారికి ఐరన్ మేలు చేయదు, పైగా ఒంట్లో పేరుకుంటుంది.

మేనరికం లెక్క ఇక్కడే వస్తుంది. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క ప్రతిలోనే లోపముంటే క్యారియర్, మామూలుగానే తిరుగుతారు. మీ అవ్వాతాతలే మీ అత్తమామలు కాబట్టి, వాళ్లలో ఒకరి లోపం మీ అమ్మ ద్వారా మీకూ, నేరుగా మీ భర్తకూ వచ్చి ఉండొచ్చు. మీరు క్యారియర్ అయితే ఆయనా అయ్యే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ 25 శాతం జబ్బు బిడ్డ, 50 శాతం క్యారియర్, 25 శాతం ఏ లోపమూ లేని బిడ్డ. మొదటి బిడ్డ బాగున్నా రెండో కాన్పుకు ఈ లెక్క మారదు. జబ్బు బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోతుంది, ఆపైన రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

ఈ వారమే సీబీసీ (రక్తకణాల లెక్క), సీరం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాల పరీక్ష) చేయించండి. ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 లోపు, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలోని హిమోగ్లోబిన్) 27 లోపు ఉండి, హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 3.5 శాతం దాటితే క్యారియర్ అని అనుమానిస్తాం. ఐరన్ బాగా తక్కువుంటే ఏ2 తగ్గి కనిపించి మోసం చేయొచ్చు, అందుకే ఫెరిటిన్ కూడా కావాలి. మీ రిపోర్టు వచ్చాక చూద్దామనుకోకుండా మీ ఆయనకూ ఇప్పుడే చేయించండి. ఇద్దరికీ ఉందని తేలితే 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి బిడ్డను పరీక్షించొచ్చు. వీటిలో గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది. ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డ వైద్యం) నిపుణులున్నచోటే చేస్తారు కాబట్టి రోజులు జారనివ్వకండి.

రిపోర్టులతో కడప సర్వజన ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గర్లో గానీ గైనకాలజిస్టును నేరుగా కలవండి. ఐరన్ కొనసాగించాలో ఆపాలో ఫెరిటిన్ చూసి వారే చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపొద్దు, మోతాదు పెంచాలేమో అడగండి. ఈలోగా రక్తం ఎక్కించాల్సి వస్తే హెచ్‌పీఎల్‌సీ నమూనా ముందే ఇవ్వండి. దాత రక్తం కలిస్తే ఫలితం తారుమారవుతుంది.

– ప్రసూతి వైద్యురాలు, కర్నూలు