ఇంట్లోనే పిలాటీస్ నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నేర్చుకోవచ్చు. ఊపిరితో కలిపి మెల్లగా చేస్తూ పొట్ట, వెన్ను కండరాలకి బలమిచ్చే వ్యాయామ పద్ధతి ఇది. స్టూడియోల్లో కనిపించే రిఫార్మర్ యంత్రం లేకపోయినా ఫర్వాలేదు; ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటీస్ కూర్చిన అసలు వరుసలోని 34 వ్యాయామాలూ మ్యాట్ మీద చేసేవే. మ్యాట్ మాత్రం కాస్త మందంగా ఉండాలి, లేకపోతే దొర్లేటప్పుడు వెన్నుపూసలు నేలకి ఒత్తుకుంటాయి.

ముందు ఊపిరి పట్టుబడాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ముక్కుతో పీల్చినప్పుడు పక్కటెముకలు రెండువైపులా విచ్చుకోవాలి, నోటితో వదిలేటప్పుడు బొడ్డు కింది భాగం మెల్లగా లోపలికి పోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఇది కుదరకుండానే ‘హండ్రెడ్’ జోలికి వెళ్తే మెడ పట్టేస్తుంది. అందులో తల, భుజాలు పైకి లేపి, 5 లెక్కలు పీలుస్తూ, 5 లెక్కలు వదులుతూ చేతుల్ని 100 సార్లు ఆడించాలి. మొదట్లో తల కిందే ఉంచి చేయండి, తప్పేం లేదు.

తుంటి, తొడల బలానికి వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపే షోల్డర్ బ్రిడ్జ్. రోజంతా కుర్చీలో ముందుకు వంగి కూర్చునేవాళ్లకి బోర్లా పడుకుని ఛాతీ లేపే స్వాన్. తొడ వెనక బిగుతుకి కూర్చుని ముందుకు వంగే స్పైన్ స్ట్రెచ్. కాళ్లు చాపి కూర్చుంటే నడుము గూనిగా వంగిపోతోందా, కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి.

వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున చాలు. ఫోన్‌ని పక్కన నిలబెట్టి మీరు చేసేది రికార్డ్ చేసుకోండి. అద్దం కన్నా ఇదే మేలు, అద్దంలో చూసుకోవాలంటే మెడ తిప్పాలిగా! బరువు తగ్గడమే మీ లక్ష్యమైతే మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

ఎముకలు గుల్లబారినవాళ్లు వెన్ను వంచే, దొర్లే వ్యాయామాలు మానేయాలి. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.